సగందారిలో పారోస్

డెట్రాయిట్ వచ్చిన కొత్తలో, "కోనీ ఐలండ్‌కు వెళ్దాం, వస్తావా?" అని గ్రంథాలయంలోని సహోద్యోగి ఒకడు అడిగినప్పుడు, నేను ఇంటికి వెళ్లి తువ్వాలు, ఒక జత పొడిబట్టలు సంచిలో సర్దుకొని వచ్చాను. ఐలండ్ అన్నాడు గనుక చుట్టూ నీరుంటుందని, నీరుంటే స్నానముంటుందని నా తర్కం. అతడు కారు ఆపిన చోట నీటిచుక్క లేదు. రోడ్డు పక్కన ఎర్రటి దీపాల అక్షరాలతో ఒక ఫలహారశాల ఉన్నది. ఆ ప్రాంతంలో గ్రీసువాళ్లు నడిపే అటువంటి హోటళ్లన్నింటికీ అదే పేరని, అందులో రొట్టె నడుమ మాంసం పెట్టి అమ్ముతారని, నావంటి శాకాహారికి పాలకూర పెట్టిన పొరలరొట్టె, బియ్యపు పాయసం మాత్రం దొరుకుతాయని నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. నా సంచిలోని తువ్వాలు చూసి హోటలు యజమాని, పొట్టి మనిషి, మీసాల కింద నవ్వు దాచుకోలేక, "మా సముద్రం కావాలంటే ఇంకొంచెం తూర్పుకు పోవాలి ప్రొఫెసర్!" అన్నాడు. నేను ప్రొఫెసర్‌ను కాను. విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఓడలలో మూటలుగా వచ్చే తెలుగు పుస్తకాలకు సూచికలు వ్రాసే ఉద్యోగిని. ఎన్నిసార్లు చెప్పినా అతడు ఆ పిలుపు మార్చలేదు.

అతని గల్లాపెట్టె వెనుక గోడ మీద ఒక పెద్ద చిత్రపటం ఉండేది. తెల్లని సున్నపు ఇండ్లు, నీలపు తలుపులు, గాలిమర, దాని పాదాల దగ్గర సముద్రం. అది తన ఊరు, పారోస్ ద్వీపమని అతడు నాకు ఎన్నిమార్లు చెప్పాడో లెక్కలేదు.

మొదటి నాలుగేళ్లూ శనివారాలు నేను, నా భార్య కలిసి అక్కడికి వెళ్లేవాళ్లం. ఆ తరువాత నేనొక్కడినే వెళ్లసాగాను.

ఆమె కాకినాడలో ఆడపిల్లల కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పేది. డెబ్బై ఆరులో నాకు ఈ ఉద్యోగం వచ్చినప్పుడు దీర్ఘకాలపు సెలవు పెట్టి నాతో వచ్చింది. మాకు పిల్లలు లేరు. మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ శివారైన ట్రాయ్‌లో మేమున్న అపార్ట్‌మెంటు నుంచి ఎక్కడికి వెళ్లాలన్నా కారు కావాలి. ఆమె కారు నేర్చుకోలేదు. నేను ఉదయం పోయి చీకటి పడే వేళకు తిరిగివచ్చేసరికి ఆమె కిటికీ దగ్గర కుర్చీలో ఉండేది. ఏడాదిలో సగం రోజులు ఆ కిటికీ బయట చూడడానికి ఒక్క పచ్చని ఆకు ఉండేది కాదు. వృక్షశాస్త్రం చదువుకున్న మనిషికి అది ఎటువంటి శిక్షో ఆమె ఎన్నడూ ఫిర్యాదుగా చెప్పలేదు. ఎనభైలో కళాశాలవారు, వచ్చి చేరతావా, రాజీనామా ఇస్తావా అని అడిగారు. ఒక సంవత్సరం పనిచేసి వస్తానని వెళ్లింది. ఆ సంవత్సరం రెండయింది. ఆమె గ్రీన్ కార్డుకు, ఇంతకాలం దేశం వెలుపల ఉండవచ్చునని ఇచ్చిన అనుమతి ఎనభై రెండు సెప్టెంబరుతో ముగుస్తుంది. ఆలోగా అమెరికాలో అడుగుపెట్టకపోతే ఇక ఆమె అక్కడ, నేనిక్కడ.

ఆ రెండేళ్లూ నా ఆదివారాలు ఒకే తీరుగా గడిచాయి. ట్రాయ్‌లో అప్పటికి పట్టుమని పది తెలుగు కుటుంబాలు లేవు. మోటారు కంపెనీల ఇంజనీర్లు, నాకంటె చిన్నవారు. ఎవరింట్లోనో భోజనం, ఆ తరువాత ఎవరో ఒకరి ప్రశ్న.

"మేడమ్ ఎప్పుడొస్తున్నారండీ? టికెట్ బుక్ చేశారా?"

"పరీక్షలైపోగానే బయలుదేరుతుంది."

"క్రితంసారీ పరీక్షలే అన్నారు కదండీ! ఇండియాలో ఎగ్జామ్స్ ఇయర్ మొత్తం జరుగుతాయా ఏంటి?" అని ఆ యింటి ఇల్లాలు నవ్వేది. నేనూ నవ్వేవాడిని. తిరుగుదారిలో కారులో నా గొంతు నాకే కొత్తగా వినిపించాలని శ్లోకాలు చదువుకొనేవాడిని. వారమంతా పుస్తకాల అట్టల మీది తెలుగు చూడడమే గాని, నోట తెలుగు పలికే సందర్భం అంతకుమించి ఉండేది కాదు.

ఫోనులో మాట్లాడాలంటే ముందుగా ట్రంక్ కాల్ బుక్ చేసి, కాకినాడలో ప్రిన్సిపాల్‌గారింట ఆమెను కూర్చోబెట్టి, సముద్రఘోష వంటి ఆ హోరులో గొంతు చించుకోవాలి. ఎనభై రెండు ఏప్రిల్‌లో అటువంటి ఒక సంభాషణలో నేను అలవాటుగా, "ఎప్పుడు వస్తున్నావు?" అన్నాను.

"ప్రతిసారీ అదే అడుగుతారేమండీ! నేను రానంటే మీకు కష్టం, వస్తానంటే నాకు కష్టం. ఇలా అరుచుకుంటూ తేలే విషయమా ఇది? మధ్యలో ఎక్కడైనా కూర్చుని మాట్లాడుకుందాం."

"మధ్యలో అంటే అంతా సముద్రమే కదా!"

"అయితే సముద్రంలోనే కూర్చుందాం," అన్నది. లైను తెగింది.

ఆ శనివారం కోనీ ఐలండ్‌లో పాయసం తింటూ ఆ గోడపటాన్ని మొదటిసారి ఒక గమ్యస్థానంగా చూశాను. యజమానికి సంగతి చెప్పగానే తువ్వాలు భుజాన వేసుకొని నా ఎదుట కూర్చున్నాడు.

"ఆలోచించకు ప్రొఫెసర్. ఆమెను మా ఊరికి తీసుకుపో. మా గాలి మంచిది, మనసులు మారుస్తుంది. మా ఆవిడ నన్ను చేసుకోవడానికి అక్కడ ఒప్పుకున్నది. ఇక్కడైతే ఒప్పుకొనేదా?"

వంటగదిలోంచి అతని భార్య గ్రీకులో ఏదో గట్టిగా అన్నది. ఏమన్నదని అడిగాను.

"అక్కడ గాలికి నా మొహం సరిగా కనిపించలేదట!"

ఆ వేసవిలో ఆమెకు బొంబాయి నుంచి ఏథెన్సుకు, అక్కడి నుంచి ఇటు డెట్రాయిట్‌కూ అటు బొంబాయికీ కూడా పనికివచ్చేలా టికెట్లు కుదిర్చాను. ఎటు వెళ్లాలో ఆమె తేల్చుకోవాలి. మేమిద్దరం ఏథెన్సు విమానాశ్రయంలో కలుసుకొన్నాం. రెండేళ్ల తరువాత చూసిన మనిషి. జుట్టు చెవుల దగ్గర నెరిసింది. నన్ను చూసి మొదట అన్నమాట, "అదేమిటండీ, అంత సన్నబడ్డారు! ఆ పాలకూర రొట్టే తింటున్నారా ఇంకా?"

పిరేయస్ రేవులో ఓడ ఎక్కాం. నడిసముద్రంలో గాలి మొదలైంది. వేసవిలో ఉత్తరం నుంచి వీచే ఆ గాలి గురించి మా హోటలు యజమాని చెప్పినదంతా నిజమే. ఆమె పైట ఒక చేత, ఓడ అంచు కమ్మీ ఒక చేత పట్టుకొని నిలబడింది. మధ్యాహ్నం దాటాక ఓడ ఒక మలుపు తిరిగింది, పటంలోని గాలిమర ఎదురుగా వచ్చి నిలిచింది. రేవులో నల్లచీరల వంటి నల్లగౌన్లు తొడిగిన ముసలమ్మలు "రూమ్స్, రూమ్స్" అని కేకలు వేస్తున్నారు. వారిలో ఒకామె నా భార్య చేతిలోని పెట్టె లాక్కొని ముందు నడిచింది. వెనుక మేము నడిచాం. ఇరుకైన సందులు, నేలమీది రాళ్ల అంచులకు కూడా సున్నం గీసి ఉన్నది, ముగ్గు వేసినట్లు. మా గదికి ముందు రాతి అరుగు, అరుగు కింద సముద్రం.

రాత్రి భోజనానికి పసుపుపచ్చని పప్పుముద్ద ఒకటి పెట్టారు, పైన ఉల్లిపాయ తురుము, నిమ్మరసం. వాళ్లు దానిని ఫావా అంటారు. ఆమె ఒక చెంచాడు నోట పెట్టుకొని కళ్లు మూసుకొంది.

"ఇది మన ముద్దపప్పేనండీ. పాపం, నెయ్యి వేయడం ఒక్కటి మరిచిపోయారు."

మరునాడు బీచికి వెళ్లాం. గాలి, నీరు కలిసి శతాబ్దాలుగా చెక్కిన గుండ్రని రాళ్ల నడుమ చిన్నచిన్న ఇసుకతిన్నెలు. వాటి మీద యూరపు దేశాల ఆడవారు, మగవారు దాదాపు దిగంబరులై ఎండకు పడుకొని ఉన్నారు. చీర చెంగు తలమీద కప్పుకొని నా భార్య వాళ్లను దాటుతూ, "మీ మిషిగన్‌లో మంచు, ఇక్కడ మనుషులు. తెల్లగా ఎక్కడ చూసినా పరుచుకొనే ఉంటాయి," అన్నది. ఆ మాటకు నేను నవ్విన నవ్వు విని ఒక జర్మను దంపతులు లేచి కూర్చున్నారు. రెండేళ్లలో నేనంత గట్టిగా నవ్వలేదు. ఈ మనిషి నాతో వస్తుందని ఆ క్షణాన నాకు గట్టి నమ్మకం కలిగింది.

తిరిగివచ్చే దారిలో ఆమె ప్రతి మొక్క దగ్గరా ఆగింది. గన్నేరును పలకరించింది, అత్తిచెట్టు ఆకు తిప్పి చూసింది. ఒక పాడుగోడ పక్కన నాగజెముడు పొద ఎర్రని పండ్లతో విరగబూసినట్లున్నది.

"మనూళ్లో ఉన్నదే!" అన్నాను.

"మనదీ కాదు, వీళ్లదీ కాదు. దీని పుట్టిల్లు మీ అమెరికాఖండమే. ఓడలెక్కి అన్ని దేశాలూ తిరిగింది. ఎక్కడ పారేసినా బతికేస్తుంది," అని, కాస్త ఆగి, "అన్ని మొక్కలూ అలా ఉండవండీ," అన్నది.

 మొక్కల సంగతే మాట్లాడుతున్నట్లు నటించడం ఇద్దరికీ సౌకర్యంగా ఉన్నది.

ఆ మరుసటి ఉదయం జరిగినది చెప్పడానికే ఇదంతా వ్రాస్తున్నాను.

ఎక్కడికి వెళ్లినా నా వెంట చిన్న వెండి సంపుటంలో సాలగ్రామం ఉండేది. అరుగు మీద తూర్పు ముఖంగా కూర్చొని నిత్యపూజ ఆరంభించాను. ఆమె మెట్టు మీద కూర్చొని తల దువ్వుకొంటున్నది. పూజకు ముందు సంకల్పం చెప్పాలి గదా. నేనెవరినో, ఏ కాలాన, ఏ దేశాన కూర్చొని ఈ పని చేస్తున్నానో చెప్పుకోవాలి. ఆచమనం చేసి, అక్షతలు చేతబట్టి, కాలం సరిగానే చెప్పి, దేశం దగ్గరకు వచ్చి ఆగిపోయాను. ఏ ద్వీపమనాలి? ఏ ఖండమనాలి? మేరువుకు ఇది ఏ దిక్కు?

వెనుక దువ్వెన చప్పుడు ఆగింది.

"ఏమండీ, ఆగిపోయారేం? ద్వీపం పేరు దొరకలేదా?"

"చూస్తున్నాను. శాకద్వీపమనాలా, కుశద్వీపమనాలా అని."

ఆమె పకపక నవ్వింది. "బాగుందండీ! నిజంగా ద్వీపంలోకి వచ్చి కూర్చున్నాక ద్వీపం పేరు తెలియలేదన్నమాట!"

నేనూ నవ్వాను. అక్షతలు చేతిలోనే ఉన్నాయి. ఆమె నవ్వు నెమ్మదిగా తగ్గింది. తరువాత మాట్లాడినప్పుడు గొంతు వేరుగా ఉన్నది.

"మిషిగన్‌లో మాత్రం మీరు ఒక్క పూట కూడా తడుముకోలేదు."

"ఏమిటి?"

"మనం వెళ్లి వారమన్నా కాలేదు. సామాన్లింకా విప్పలేదు. నేను వంటింట్లో ఆ కరెంటు పొయ్యి ఎలా వెలిగించాలా అని చూస్తున్నాను. అవతల మీరు సంకల్పం చెబుతున్నారు. జంబూద్వీపే అంటారని నా చెవి ఎదురుచూస్తోంది. మీరు క్రౌంచద్వీపే అన్నారు. కృష్ణాగోదావర్యోర్మధ్యదేశే అనవలసిన చోట ఇంకేదో అన్నారు. మహాసరోవరయోః..."

"మహాసరోవరయోర్మధ్యదేశే. మిషిగన్ రెండు పెద్ద సరస్సుల నడుమ ఉన్నది గదా. తప్పేమున్నది?"

"తప్పని ఎవరన్నారు? చాలా ఒప్పు. దారిలోనే కట్టి ఉంచుకున్నారేమో కూడా."

"విమానంలో," అన్నాను.

"అదే. విమానంలోనే ఊరు మార్చుకున్నారు మీరు. కృష్ణా, గోదావరీ రెండూ ఒక్క పొద్దుటిపూటలో పోయాయి. నేను ఆ పొయ్యి దగ్గరే నిలబడిపోయాను. నాలుగేళ్లు రోజూ విన్నాను ఆ వాక్యం. అలవాటవుతుందనుకున్నాను."

పురాణాల భూగోళాన్ని నాకు తోచినట్లు అన్వయించుకొని ఆ వాక్యం కట్టినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తున్నది. సంకల్పంలో అబద్ధం చెప్పరాదు. డెట్రాయిట్‌లో కూర్చొని భరతఖండే అనడం అబద్ధం. ఆ అభిప్రాయం నాకు నేటికీ మారలేదు. ఆ వాక్యం గోడ అవతల ఒక మనిషి చెవిని ఏమి చేస్తుందన్నది శాస్త్రంలో లేదు.

ఆమె జుట్టు ముడి వేసుకొని వచ్చి నా పక్కన అరుగు అంచున కూర్చొన్నది.

"ఒకటి అడుగుతాను. నిజం చెప్పండి. ఈ రెండేళ్లూ సంకల్పంలో ధర్మపత్నీ సమేతస్య అన్నారా?"

"అన్నాను."

"రోజూ?"

"రోజూ."

"ఊరు మారితే మాట మార్చారు. మనిషి పక్కన లేకపోతే మాట మార్చలేదేం?"

సముద్రం వైపు నుంచి గాలి ఒక్కసారిగా వచ్చి అక్షతలు రెండు మూడు ఎగరగొట్టింది. నేను చెప్పగలిగినది ఒక్కటే. అదే చెప్పాను.

"ఆ మాట తీస్తే వాక్యం నిలవదు."

 చెంగుతో కళ్లు ఒత్తుకొన్నదో, గాలికి ఎగిరిన ఇసుక తుడుచుకొన్నదో నేను తిరిగి చూడలేదు.

"నేను రాలేనండీ," అన్నది చివరికి. "అక్కడ పొద్దున్నే లాబ్‌లో పిల్లలు చుట్టూ మూగుతారు. మేడమ్, నా స్లైడ్‌లో కనబడట్లేదు, మేడమ్ చూడండి అని. సాయంత్రానికి గొంతు పోతుంది. మీ ఇంట్లో సాయంత్రానికి నా గొంతు ఉందో లేదో చూసుకొనేదాన్ని. మిమ్మల్ని వచ్చేయమని కూడా అనను. అంటే వచ్చేస్తారు. వచ్చి, రోజూ కృష్ణాగోదావర్యోః అంటారు. అది నాకోసం అంటున్నారని నాకు తెలుస్తూనే ఉంటుంది."

నేను కాకినాడలో పురపాలకోన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా ఉండేవాడిని. లెక్కల పరీక్ష దగ్గరపడితే నా గంట లెక్కల మాస్టారికి ఇచ్చేవారు. మిషిగన్‌లో, తెరవడానికి కూడా ఎవరూ రాని పుస్తకాలకైనా సరే, నా చదువు మీద ఆధారపడిన ఒక గది ఉన్నది. ఆ సంగతి నేను చెప్పలేదు. ఆమెకు తెలుసు. కాకినాడకు వెళ్లిపోదామని ఆమె నన్ను అడగలేదు, అమెరికాకు వచ్చేయమని నేను ఇక ఆమెను అడగలేదు. పూజ ఎలా ముగించానో, ఏ ద్వీపమన్నానో నాకు జ్ఞాపకం లేదు.

విచిత్రమేమంటే, ఆ తరువాత మిగిలిన రోజులు మేము శ్రద్ధగా యాత్రికుల వలె గడిపాం. వంద తలుపుల చర్చి చూశాం. తొంభైతొమ్మిదే కనబడతాయట, నూరోది ఎక్కడున్నదో ఎవరికీ తెలియదట. అక్కడి పూజారి ఆ కథ చెబుతున్నప్పుడు ఆమె తలుపులు వెదకసాగింది. పూర్వం శిల్పులకు పాలరాయి పంపిన గనులకు వెళ్లి, కొండ కడుపులో చల్లని చీకటిలో నిలబడ్డాం. రోజూ బీచికి వెళ్లి, చెప్పులు చేతబట్టుకొని నీళ్లలో మడమల దాకా నడిచాం. ఎంతో మర్యాదగా, ఎంతో దయగా ఉన్నాం ఒకరితో ఒకరు. ఎండ కాస్తున్నది, ఆమె నా పక్కనే ఉన్నది. అయినా, ట్రాయ్‌లో మంచు తవ్వుకొంటూ ఒక్కడినే గడిపిన రెండు శీతకాలాలలో లేనంత ఒంటరితనం ఆ సముద్రపుటొడ్డున నాకు తెలిసింది. అప్పుడు ఎదురుచూడడానికి ఏదో ఉండేది.

ఏథెన్సులో ఆమె విమానం ముందు బయలుదేరింది. "పాలకూర రొట్టె మానేసి అన్నం వండుకోండి, ఎంతసేపండీ," అన్నది. గాజుతలుపు అవతల వరుసలో నిలబడి ఒకసారి చేయి ఎత్తింది. ఆ వరుస కదిలింది.

సెప్టెంబరు వెళ్లిపోయింది. అక్టోబరులో ఒక శనివారం సాయంత్రం ట్రాయ్ తెలుగువారంతా ఒకరింట చేరారు. గ్రీసు ఫోటోలు చూపించమని పట్టుబట్టి, ఆ యింటాయన ఆఫీసు నుంచి స్లైడ్ల ప్రొజెక్టరు తెచ్చాడు. గోడ మీది బొమ్మలన్నీ తీసి, దీపాలార్పారు. పిల్లలు తివాచీ మీద బోర్లా పడుకొన్నారు.

గాలిమర వచ్చింది. నీలపు తలుపు వచ్చింది. ఒక తెల్లగోడ ముందు వంగపండు రంగు చీరలో నా భార్య. తరువాతి స్లైడులో అదే గోడ ముందు నేను. చర్చి మెట్ల మీద ఆమె. చర్చి మెట్ల మీద నేను. రాళ్ల దగ్గర ఆమె, చెప్పులు చేతిలో. రాళ్ల దగ్గర నేను, అవే చెప్పులు చేతిలో.

"వావ్, సీ ఎంత బ్లూగా ఉందో!" అన్నాడొక ఇంజనీరు. "ఈసారి మేమూ ప్లాన్ చేస్తామండీ."

"అదేంటండీ!" అన్నది ఇల్లాలు. "ఇద్దరూ కలిసి ఒక్కటంటే ఒక్కటి లేదు! దారిన పోయేవాళ్లనెవరినైనా అడిగితే తీసేవారు కదా!"

"అడగాలని తోచలేదమ్మా."

"బావుంది! సరే, మేడమ్ వచ్చాక మా ఇంట్లోనే తీయిస్తాం. ఎప్పుడొస్తున్నారు? ఇప్పుడూ ఎగ్జామ్సేనా?"

ప్రొజెక్టరులోని చిన్న పంకా తిరుగుతున్న చప్పుడు వినిపిస్తున్నది. గోడ మీద, నీళ్లలో మడమల దాకా నిలబడి, ఆమె నా వైపు చూస్తున్నది.

"ఆవిడ రాదమ్మా. కాకినాడలోనే ఉంటుంది. నేనిక్కడ ఉంటాను."

 చీకటిలో ఎవరో గాజు గ్లాసు నేల మీద పెట్టారు. ఇంటాయన ఏం చేయాలో తోచక మీట నొక్కాడు. అదే ఆఖరు స్లైడు కాబోలు, సముద్రం తొలగిపోయి గోడంతా తెల్లని వెలుతురు నిండింది. ఆ వెలుతురు చూడగానే పిల్లలు లేచి, దానికడ్డంగా చేతులు పెట్టి కుక్కలను, పక్షులను ఆడించసాగారు. ఒక కుక్క ఇంకొక కుక్కను కరిచింది. కిలకిలలు.

"ఏయ్, స్టాప్ ఇట్! అంకుల్‌కి సారీ చెప్పండి!" అని తల్లి గద్దించింది.

"ఉండనీయమ్మా," అన్నాను. "దీపం వేయకండి. కాసేపు ఆడుకోనీయండి."